వెళ్లొస్తా అన్నవాళ్లు

గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే మన ఇళ్లలో ఊరుకోరు. "వెళ్తున్నా ఏంట్రా, వెళ్లొస్తా అను" అని అక్కడికక్కడే దిద్దేస్తారు. మా వైపు పల్లెల్లో అయితే "ఎల్లొత్తాను". చావు ఇంటి నుంచి బయల్దేరినప్పుడు మాత్రం ఆ మాట అనకూడదు, చెప్పకుండా లేచి వచ్చేయాలి. మిగతా అన్ని సందర్భాల్లోనూ మన భాష వెళ్లే మనిషి కొంగుకి తిరిగి రావడాన్ని ముడివేసి మరీ పంపిస్తుంది.

ఐర్లండ్ వాళ్లు దీనికి ఉల్టా. అక్కడ ఎవరైనా పోతే రాత్రంతా శవం దగ్గర మేలుకుని కూర్చుంటారు. దాన్ని 'వేక్' అంటారు. 1845 నుంచి 1852 వరకు బంగాళాదుంప పంట కుళ్లి వచ్చిన కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మంది దేశం వదిలారు. ఆ రోజుల్లో కొడుకో కూతురో అమెరికా ఓడ ఎక్కుతుంటే ముందురోజు రాత్రి ఇంట్లో అదే జాగారం చేసేవాళ్లు. దానికి పేరు కూడా 'అమెరికన్ వేక్'. ఊరంతా వచ్చేది, పాటలు, డాన్సులు, తెల్లారేసరికి ఏడుపులు. మనిషి బతికే ఉన్నాడు, ఎదురుగానే కూర్చున్నాడు. కానీ మళ్లీ చూడబోమని అందరికీ తెలుసు.

ఈ రెండు అలవాట్లలో ఏది నిజాయితీగా ఉంది? మనదే మంచిదని చాలా రోజులు అనుకున్నాను. కోలమ్ టోబీన్ రాసిన 'బ్రూక్లిన్' చదివాక అంత ధీమా లేదు.

నవల 2009లో వచ్చింది. 2015లో సినిమా తీశారు. సినిమా చూసినవాళ్లు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు, పుస్తకం తెరిచినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. (కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు తర్వాతి రెండు పేరాలు దాటేయండి. తర్వాత నన్ను తిట్టొద్దు.)

1950ల నాటి ఐర్లండ్. ఎన్నిస్‌కోర్తీ అనే చిన్న టౌన్. ఐలీష్ లేసీకి లెక్కలు బాగా వచ్చు, ఉద్యోగం మాత్రం లేదు. ఈ లైను చదివి మన ఫైనలియర్ వాళ్లు నవ్వుకోవచ్చు. అక్క రోజ్, అమెరికాలో ఉండే ఒక ఫాదర్ కలిసి ఆ అమ్మాయిని బ్రూక్లిన్ పంపిస్తారు. అక్కడ బట్టల షాపులో పని, రాత్రిళ్లు బుక్‌కీపింగ్ క్లాసులు, ఇంటి మీద బెంగ, తర్వాత టోనీ అనే ఇటాలియన్ కుటుంబపు ప్లంబర్‌తో ప్రేమ. ఇంతలో ఇక్కడ అక్క చనిపోతుంది. చివరి చూపుకి కూడా రాలేదు. టోనీని రహస్యంగా పెళ్లి చేసుకుని, అమ్మని చూడ్డానికి కొన్నాళ్లు ఊరికి వస్తుంది.

నా దృష్టిలో అసలు నవల ఇక్కడే మొదలవుతుంది. ఊళ్లో అందరూ ఆమె అసలు వెళ్లనేలేదన్నట్టు ఉంటారు. అక్క చేసిన ఆఫీసు పని ఈమెకి వస్తుంది. మంచి సంబంధం కూడా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వాళ్లమ్మ అమెరికా గురించి ఒక్క ప్రశ్న అడగదు. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు, అక్కడ ఎవరున్నారు, ఏదీ లేదు. ఎందుకంటే అడిగితే జవాబు వస్తుంది. జవాబులో ఇంకో ఇల్లు ఉంటుంది. ఆ ఇల్లు లేనట్టే ఉంటే కూతురు ఉండిపోతుందేమోనని తల్లి ఆశ. చివర్లో నిజం బయటపడ్డాక ఆమె ఒక్కసారి, ఆ రాత్రే, వీడ్కోలు చెప్పేసి పడుకుంటుంది. పొద్దున్న లేచి మళ్లీ చెప్పదు. అమెరికన్ వేక్‌ని ఒక్క మనిషి, ఒక్క గదిలో, పాటలేవీ లేకుండా చేసేసింది.

ఈ నవలని అందరూ 'వలస వెళ్లిన అమ్మాయి కథ' అంటారు. నేను ఒప్పుకోను. ఇది తిరిగి వచ్చిన అమ్మాయి కథ. ఇల్లు పోయేది ఓడ ఎక్కినప్పుడు కాదు, దిగి వచ్చినప్పుడు, ఎవరూ ఏమీ అడగనప్పుడు.

దీన్ని మన దగ్గరికి తెచ్చుకుందాం. మనం రోజూ బస్సు దిగే ఊరి పేరే కొత్తవలస. పక్క జిల్లాలో రైలెక్కేది ఆమదాలవలసలో. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మ్యాప్ తీసి చూడండి, 'వలస'తో ముగిసే పేర్లు ఎన్నో కనిపిస్తాయి. ఒక్క కొత్తవలస పేరుతోనే ఒకటి కంటే ఎక్కువ ఊళ్లున్నాయి. ఎప్పుడో ఎక్కడి నుంచో కొందరు వచ్చి ఇళ్లు వేసుకున్నారు, పక్క ఊరివాళ్లు దాన్ని వలస అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. అంటే 'మా సొంతూరు' అని మనం గర్వంగా చెప్పుకునేది కూడా ఒకప్పుడు ఎవరో వచ్చి దిగిన చోటే.

మన వాళ్లు ఇక్కడితో ఆగలేదు. వంద, నూట యాభై ఏళ్ల కిందట ఈ తీరం నుంచి జనం వెళ్లిన పెద్ద దారి బర్మా. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్‌లో దిగేవాళ్లు. మన పెద్దవాళ్ల నోట్లో ఆ ఊరి పేరు రంగూన్ కాదు, 'రంగం'. "ఆడు రంగమెల్లిపోనాడు" అంటే పని కోసం సముద్రం దాటాడని. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు, అక్కడ దిగాక కూలీలోంచి కోసుకునేవాడు. ఓడల నుంచి బస్తాలు దింపడం, రైసు మిల్లుల్లో పని, రిక్షా లాగడం, పాకీ పని. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైనే. రంగూన్ నగరంలో సగం కంటే ఎక్కువ మంది మన దేశస్థులే. వాళ్లలో తెలుగువాళ్లు లక్షన్నర దాటి ఉన్నారు. ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు, రెండు మూడేళ్లు పనిచేసి వచ్చేద్దామని వెళ్లినవాళ్లు. అందరూ "ఎల్లొత్తాను" అని చెప్పే వెళ్లారు.

అక్కడ వాళ్లకి పడిన పేరు 'కోరంగి'. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. భీమిలిలో ఎక్కినవాడూ కోరంగే, బారువలో ఎక్కినవాడూ కోరంగే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు వాళ్ల బదులు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె తేలిపోయి మనవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చేసరికి, కొత్తగా వచ్చిన బర్మా కూలీలకి పని పోయింది. ఆ గొడవ వీధుల్లోకి పాకి వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది భారతీయులు. ఇద్దరు పేదవాళ్లని ఒకే బస్తా దగ్గర నిలబెట్టి కొట్టుకోమన్నట్టే జరిగింది. 'బ్రూక్లిన్'లో ఇలాంటిదేమీ ఉండదు. ఐలీష్‌కి ఫాదర్ ఫీజు కడతాడు, ఉద్యోగం చూసిపెడతాడు, బెంగ పెట్టుకుంటే వచ్చి ఓదారుస్తాడు. ఆ సౌఖ్యం నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. ఒక్క చోట మాత్రం రచయిత తెర తీస్తాడు. క్రిస్మస్ రోజు చర్చి హాల్లో ముసలి ఐరిష్ కూలీలకి భోజనం పెడతారు. ఆ నగరపు సొరంగాలు, వంతెనలు కట్టినవాళ్లు వాళ్లే. ఇంటికి వెళ్లే వీలు లేక, వెళ్లినా గుర్తుపట్టేవాళ్లు లేక అక్కడే మిగిలిపోయారు. ఆ పేజీలు చదువుతుంటే నాకు రంగం రేవు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు గుర్తొచ్చాయి.

తర్వాతి కథ మీలో కొందరికి ఇంట్లో విని తెలిసే ఉంటుంది. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరకని లక్షల మంది అరకాన్ దారిలోనూ, మణిపూర్, అస్సాం కొండల మీదుగానూ నడిచి వచ్చారు. దారిలో కలరాకి, మలేరియాకి, ఆకలికి వేల మంది పడిపోయారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ వెళ్లారు. 1962లో నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లలో దుకాణాలు జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు. చేతిలో ఉన్న డబ్బు కాగితమైపోయింది. అప్పుడు మొదలైంది అసలు తిరుగు ప్రయాణం. ఓడల మీద మద్రాసుకీ, విశాఖపట్నానికీ.

ఇక్కడ కాసేపు ఆగుదాం. దిగినవాళ్లలో చాలామంది బర్మాలోనే పుట్టారు. 'సొంతూరు' వాళ్లెప్పుడూ చూడలేదు. "ఎల్లొత్తాను" అని మాట ఇచ్చింది వాళ్ల తాత. ఆ మాట తీర్చింది మనవలు. వచ్చేసరికి తాత ఇల్లు లేదు, ఉన్నా పంపకాలు అయిపోయాయి. ప్రభుత్వం కాగితాల్లో వాళ్లు 'బర్మా కాందిశీకులు'. విశాఖలో వాళ్లు ఉన్న చోటు బర్మా క్యాంప్. క్యాంప్ అంటే కొన్నాళ్లు వేసి తీసేసేది. అరవై ఏళ్లయింది, ఇళ్లు డాబాలయ్యాయి, పేరు ఇంకా క్యాంపే. అక్కడ కోరంగి, ఇక్కడ బర్మావాళ్లు. రెండు చోట్లా పరాయి పేరే. (సరిగ్గా ఆ ఏళ్లలోనే మన కొత్తవలస నుంచి కిరండోల్‌కి రైలు మార్గం వేస్తున్నారు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్ పంపడానికి. జపాన్ బాంబులకి ఒకసారి ఇల్లు వదిలినవాళ్లు మళ్లీ దిగిన రేవు కూడా అదే. చరిత్రకి మొహమాటం లేదు.)

మా బంధువుల వీధిలో అలా వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు, ఎనభైకి దగ్గర పడ్డారు. పోయిన సెలవుల్లో వెళ్లి కూర్చున్నాను. మొదట ఏం అడగాలో తెలియలేదు. నవల బుర్రలో తిరుగుతోంది కాబట్టి, "వచ్చేటప్పుడు అక్కడ ఎవరికైనా చెప్పారా మామ్మా?" అన్నాను. "సెప్పినాను బాబూ. పక్కింటి బర్మా అప్పకి సెప్పీసే ఓడెక్కినాం, ఎల్లొత్తానని." ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరైనా అడిగారా అంటే, "ఎవులడుగుతారు? వచ్చీసినాం కదా" అన్నారు.

వచ్చేశాం కదా. ఇక అడగడానికి ఏముంది? ఐలీష్ తల్లిదీ ఇదే లెక్క. రావడంతో కథ అయిపోయిందని ఇంట్లో ఉన్నవాళ్లు అనుకుంటారు. సినిమాలూ అంతే. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు మన సముద్రం పక్కనే ఉన్నా పనికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 'తండేల్' సినిమా ఆ సంగతి నుంచే పుట్టింది. బాగానే ఏడిపించింది, పాటలు బాగున్నాయి. కానీ మనిషి ఇంటికి చేరగానే సినిమా అయిపోతుంది. చేరిన నెల తర్వాత అప్పులవాడు ఏమన్నాడో, మళ్లీ అదే వెరావల్‌కి ఎవరు బయల్దేరారో తెర మీద ఉండదు.

2020 వేసవి మనందరం చూసిందే. స్కూల్లో ఉన్నాం, ఫోన్లలో వీడియోలు చూశాం. గుజరాత్‌లో ఇరుక్కున్న మన మత్స్యకారుల్ని వేలమందిని బస్సుల్లో తీసుకొచ్చారు. ఎక్కడెక్కడి నుంచో నడిచి, లారీలెక్కి వచ్చినవాళ్లకి కొన్ని ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం కనిపించాయి. భయం అర్థం చేసుకోగలను. జబ్బంటే ఎవరికైనా భయమే. కానీ ఆ కంప వేసిన చేతులే సిరిమాను పండక్కి "ఎప్పుడొస్తన్నారు" అని అదే మనుషులకి ఫోన్ చేసిన చేతులు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి విజయనగరం రైళ్లు కిక్కిరిసి వస్తాయి. అమ్మవారికి చందా పంపినవాడు మనవాడు, జబ్బు సమయంలో వచ్చినవాడు బయటివాడు. ఇల్లు అంటే ఏమిటని అడిగితే ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

ఇక మన సంగతి. 'వలస' అనే మాట మనం ఎవరికి వాడుతున్నామో గమనించారా? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కట్టే మన ఊరి మేస్త్రీ 'వలస కూలీ'. అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే మన ఊరి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 'సెటిలయ్యాడు'. ఇద్దరూ విశాఖ ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్లారు, ఒకరు జనరల్ బోగీ, ఒకరు త్రీ ఏసీ. ప్లేస్‌మెంట్ లెటర్‌లో దీన్ని 'రీలొకేషన్' అంటారు. ఇద్దరి కష్టం ఒకటే అని నేను అనడం లేదు. అది అబద్ధం. మనకి ఆదివారం వీడియో కాల్ ఉంది, పండక్కి తత్కాల్ ఉంది, నచ్చకపోతే రిజైన్ చేసే ధైర్యం ఉంది. మేస్త్రీకి ఇవేవీ ఖాయం కాదు. కానీ మాటని వాళ్లకి మాత్రమే అంటగట్టి మనం తప్పుకోవడం వల్ల, మనకి జరుగుతున్నదానికి మన దగ్గర పేరు లేకుండా పోయింది. సీనియర్లు సంక్రాంతికి వస్తారు. ఊళ్లో అందరూ అడిగేది ఒక్కటే: "ప్యాకేజీ ఎంత?" రెండోది, "పెళ్లెప్పుడు?" బెంగళూరులో ఒంటరిగా జ్వరం వచ్చిన వారం ఎలా గడిచింది, ఏ భాషలో ఆలోచిస్తున్నావు, అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగినవాళ్లు లేరు. వాళ్లూ చెప్పరు. రెండో రోజుకే ఫోన్‌లో తల పెట్టుకుంటారు, "మారిపోయాడు" అంటారు.

ఎవరూ అడగకపోయినా నిలిచే వాటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మన విశాఖ, గంజాం ప్రాంతాల నుంచీ చాలామంది చెరకు తోటలకి వెళ్లారు. దక్షిణాఫ్రికాలో ఇప్పుడు 'అప్పలసామి' ఒక ఇంటిపేరు. మన దగ్గర ప్రతి క్లాసులో ఒక అప్పలనాయుడో అప్పలరాజో ఉంటారు, పేరు చెప్పగానే వెనక బెంచి నవ్వుతుంది. ఆ పేరు మనకి దగ్గర్లోనే ఉన్న సింహాచలం అప్పన్నది. తెలుగు ఒక్క ముక్క రాని డర్బన్ మనిషి పాస్‌పోర్టులో మన కొండ ఉంది. మారిషస్‌లో తెలుగువాళ్లు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, అయినా సింహాద్రి అప్పన్న పూజ చేసుకుంటారు, ఉగాది అక్కడ సెలవు రోజు. వాళ్ల పూర్వీకులకి ఇక్కడి దారి ఎప్పుడో మూసుకుపోయింది. నా అనుమానం ఏమిటంటే, తిరిగి రాలేకపోయారు కాబట్టే వాళ్ల ఇల్లు చెడలేదు. వచ్చి ఉంటే ఎవరో ఒకరు వాళ్లకీ ఒక క్యాంప్ పేరు పెట్టేవారు. ఈ మాట కటువుగా ఉందని మా క్లబ్‌లో ఇద్దరు ఇప్పటికే దెబ్బలాడారు. కామెంట్ రాయండి, జవాబిస్తాను.

టోబీన్ 2024లో 'లాంగ్ ఐలండ్' అని దీనికి తర్వాతి కథ రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఐలీష్ మళ్లీ ఎన్నిస్‌కోర్తీ వస్తుంది, తల్లి ఎనభయ్యో పుట్టినరోజుకి. చదవండి, అంతకన్నా చెప్పను. మన దగ్గర కథకులకి కొదవలేదు. చాసో, కాళీపట్నం రామారావు ఈ నేల వాళ్లే, కారా మాస్టారు పెట్టిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. రంగం కథ పెద్దగా రాయాలంటే మాత్రం దాన్ని కళ్లతో చూసినవాళ్లు ఉండగానే వినాలి. 1964లో పదహారేళ్ల పిల్లకి ఇప్పుడు ఎంత వయసో మీరే లెక్క వేసుకోండి, ఇంజనీర్లం కదా.

అందుకని సంక్రాంతి సంచికకి క్లబ్ తరఫున ఒకటి అడుగుతున్నాం. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు రంగం, ఖరగ్‌పూర్, అస్సాం తోటలు, వెరావల్, దుబాయ్, ఎక్కడి నుంచైనా తిరిగి వచ్చిన ఒక్కరి దగ్గర కూర్చోండి. ఎంత సంపాదించారని కాదు. అక్కడ తెల్లారి లేచాక మొదట ఏం వినబడేది, వంట ఎవరు చేసేవారు, పక్కింట్లో ఎవరుండేవారు, వచ్చిన మొదటి నెల ఇక్కడ ఎలా గడిచింది, ఇవి అడగండి. వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డ్ చేయండి, పేర్లు వేయొద్దంటే వేయం. తెలుగు టైపింగ్ రాకపోతే వాయిస్ ఫైల్ పంపండి, మేమే కూర్చుని టైప్ చేస్తాం. యాస దిద్దం.